ఇండియానాపోలిస్‌లో డీజిలు కారు: 1952 నాటి పందెపు కథ

ఈ దేశపు రహదారులపై మన కారును దాటుకుపోయే భారీ ట్రక్కుల మీద ‘కమిన్స్’ అన్న పేరు మీలో చాలామంది చూసే ఉంటారు. బరువులు లాగడానికి పుట్టిన ఆ కంపెనీ డీజిలు ఇంజను ఒకప్పుడు ఇండియానాపోలిస్ 500 పందెంలో హేమాహేమీల కార్లన్నింటినీ వెనక్కు నెట్టి మొదటి స్థానంలో నిలబడిందంటే వెంటనే నమ్మబుద్ధి కాదు. కాని ఆ వింత 1952లో నిజంగానే జరిగింది.

ఆనాడు జాతీయ ఛాంపియన్‌షిప్ పందాలను నిర్వహించినది అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్. బండి దారిలో మొరాయించినప్పుడు మనం ఫోను చేసే ‘ట్రిపుల్ ఏ’ ఇదే! సీజనులో అధిక భాగం ఒక మైలు చుట్టుకొలత గల మట్టిబాటలపై, నూరేసి మైళ్ళ దూరానికి జరిగేది. మే నెలాఖరున ఇండియానాపోలిస్‌లో జరిగే పందెం మాత్రం వేరు. రెండున్నర మైళ్ళ బాటపై 200 చుట్లు తిరగాలి. దూరాన్ని బట్టి పాయింట్లు కాబట్టి ఆ ఒక్క రోజు ఫలితం సంవత్సరమంతటి జాతకాన్నీ మార్చివేయగలదు.

నాటి నిబంధనలు మామూలు ఇంజన్లకు 4.5 లీటర్ల పరిమితి విధించి, డీజిలుకు సుమారు 6.6 లీటర్ల వరకు అనుమతించాయి. కమిన్స్ ఇంజనీర్లు ఈ వెసులుబాటును పూర్తిగా వాడుకున్నారు. వారి ఆరు సిలిండర్ల ఇంజను సుమారు 430 అశ్వశక్తి నిచ్చేది. అయితే అది నిటారుగా నిలబెడితే కారు ఎత్తు పెరుగుతుంది. కార్ల నిర్మాత ఫ్రాంక్ కర్టిస్ దానిని దాదాపు పక్కకు పడుకోబెట్టి, చక్రాలకు శక్తినందించే ఇరుసును చోదకుని ఎడమ పక్కనుంచి పోనిచ్చాడు. దానితో ఆసనమూ కిందికి దిగింది, గరిమనాభీ కిందికి దిగింది. ఆ బాటలో మలుపులన్నీ ఎడమకే. మలుపులో బరువు కుడిచక్రాల మీదికి ఒరుగుతుంది గనుక, ముందుగానే ఎడమవైపు కాస్త బరువుంచడం తెలివైన పని.

అర్హత పరీక్షలో ఫ్రెడ్డీ అగబాషియన్ ఈ కారును నాలుగు చుట్లలో సగటున గంటకు 138.010 మైళ్ళ వేగంతో నడిపి కొత్త రికార్డు నెలకొల్పాడు. ఆ బరువుకు తాళలేక టైర్లు పేలికలయ్యాయి. అయినా అగ్రస్థానం డీజిలుకే దక్కింది.

ఆ కారుకు మరో విశేషముంది. ఇండియానాపోలిస్‌లో పోటీ చేసిన తొలి టర్బోఛార్జరు కారు అదే. ఇంజను వృథాగా బయటకు వదిలే వేడి వాయువులు ఒక చిన్న చక్రాన్ని తిప్పుతాయి. అదే ఇరుసుపై రెండవ కొసనున్న చక్రం బయటి గాలిని పీల్చి, ఒత్తిడితో సిలిండర్లలోకి పంపుతుంది. గాలి ఎక్కువైతే ఇంధనం ఎక్కువగా మండించవచ్చు, శక్తి పెరుగుతుంది. పారవేయవలసిన దానితోనే పని చేయించుకోవడమన్నమాట. మన ఇళ్ళలో బియ్యం కడిగిన నీళ్ళు పారబోయకుండా మొక్కలకు పోసే పెద్దవాళ్ళకు ఈ సూత్రం వేరే చెప్పనక్కరలేదు.

డీజిలుకు స్పార్కు ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. ఆ గాలి తగ్గితే ఇంధనం అరకొరగా కాలి నల్లటి పొగ అవుతుంది. సరిగ్గా ఇదే జరిగింది. గాలి పీల్చే ద్వారాన్ని కారు ముందుభాగంలో బాగా కిందుగా అమర్చారు. ముందుపోయే కార్ల టైర్లనుంచి రాలిన రబ్బరు తునకలు, చెత్త అందులోకి చేరాయి. బరువు వల్ల ఆరంభంలోనే వెనుకబడిన కారు 71వ చుట్టుతో ఆగిపోయింది. ఇంజను లోపలి భాగాలు బలంగానే ఉన్నాయి. దానికి ఊపిరాడలేదు, అంతే.

ఇక రంగం బిల్ వుకోవిచ్‌ది. అతని కారూ కర్టిస్ కట్టినదే. ఇంజను ఒరిగించి అమర్చిన అదే పోకడ. 150 చుట్లు అతడే ముందున్నాడు. ఇంకా కొద్ది చుట్లే మిగిలి ఉండగా, 192వ చుట్టులో స్టీరింగు వ్యవస్థలోని ఒక చిన్న మేకు విరిగింది. అతడు కారును గోడకు రాసి ఆపి, ప్రాణాలతో బయటపడ్డాడు. గెలుపు 22 ఏళ్ళ ట్రాయ్ రట్‌మన్‌ను వరించింది. ఆ పందెపు చరిత్రలో అంత పిన్న వయసులో గెలిచినవారు వేరెవరూ లేరు. అతనిది మట్టిబాటల కోసం కట్టిన పాత తరహా కారు కావడం నాకు మరీ విచిత్రంగా తోస్తుంది. కొత్త ఆలోచనలతో వచ్చిన రెండు కార్లూ చిన్న చిన్న లోపాలకు లొంగిపోగా, పాతది గమ్యం చేరింది.

రట్‌మన్ ఆగస్టులో వేరొక పందెంలో చేయి తీవ్రంగా గాయపడి ఆ సీజనుకు దూరమయ్యాడు. జాతీయ ఛాంపియన్ కిరీటం చక్ స్టీవెన్‌సన్‌కు దక్కింది. నవంబరులో శాన్ హోసే మట్టిబాటపై ప్రమాదానికి గురైన జో జేమ్స్ మరణించాడు. తలకు హెల్మెట్ తప్ప, కారు బోర్లాపడితే కాపాడే చట్రం లేని రోజులవి. 1953, 1954లలో వరుసగా గెలిచిన వుకోవిచ్ కూడా 1955లో అదే ఇండియానాపోలిస్‌లో, ముందంజలో ఉండగానే ప్రాణాలు కోల్పోయాడు. కొద్దిరోజులకే ఫ్రాన్సులోని లె మాన్స్‌లో ఘోర ప్రమాదం జరిగింది. ఆ సంవత్సరాంతంతో ట్రిపుల్ ఏ పందాల నిర్వహణ నుంచి తప్పుకుంది.

టర్బోఛార్జరు మాత్రం తప్పుకోలేదు. 1968లో బాబీ అన్సర్ టర్బోఛార్జరు ఇంజనుతో ఇండియానాపోలిస్ 500 గెలిచాడు. అయితే అది డీజిలు కాదు.