ఆటల కంప్యూటరు కూర్పు

మా మనుమడు పండుగలకు పెద్దలిచ్చిన సొమ్మును, సెలవులలో చిన్నపిల్లలకు పాఠములు చెప్పి ఆర్జించిన దానిని రెండేండ్లు కూడబెట్టి 70 వేల రూపాయలు చేసికొనెను. విడిభాగములు కొని, ఆటలకు తగిన కంప్యూటరును స్వయముగా కూర్చుకొనవలెనని వాని కోరిక. 2024 వేసవిలో ఒకనాటి సాయంకాలము వాడు తెచ్చిన జాబితాను చూచితిని. అందు సగము సొమ్ము, అనగా 35 వేలు, ఒక్క ప్రాసెసరుకే కేటాయింపబడియుండెను.

“ఆటలకు దీనిని మించినది లేదు, తాతయ్యా!” అనెను.

నాకు కంప్యూటరు విద్య క్రొత్త. కాని పాఠశాల పద్దులు చాలకాలము వ్రాసినవాడను. ఇరువురము కాగితము ముందుంచుకొని కూర్చుంటిమి.

మొదట తెరను గూర్చి యోచించితిమి. వాని తండ్రి వాడిన తెర ఇంటనే కలదు. దానిపై అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలు, గుణింపగా 20,73,600. ఆట తడబడక సాగవలెనన్నచో సెకనుకు 60 మారులు ఈ చుక్కలన్నిటికిని రంగు నిర్ణయింపవలెను. అనగా సెకనుకు 12 కోట్ల 44 లక్షల చుక్కలు! ఈ పని గ్రాఫిక్స్ కార్డుది. శత్రువు ఎటు కదలునో, విసరిన బంతి ఎచ్చట పడునో లెక్కించి, ఏమి గీయవలెనో చెప్పుట ప్రాసెసరు పని. చెప్పువాడు ఎంత చురుకైనవాడైనను, గీయువాడు మందగించినచో బొమ్మ ఆలస్యముగనే వచ్చును గదా! 4కె తెరయైనచో చుక్కలు నాలుగు రెట్లగును; మన కార్డు దానికి చాలదు. అందుచేత తెరకు తగిన కార్డును, కార్డుకు తగిన ప్రాసెసరును ఎన్నుకొంటిమి. ఆనాటి ధరలలో కార్డుకు 28 వేలు, ప్రాసెసరుకు 12 వేలు అయినవి.

జాబితాలో మరియొక చిక్కు కనబడెను. మదర్‌బోర్డుపై ప్రాసెసరు కూర్చుండు చోటిని సాకెట్ అందురు. ఏఎండి వారి ఏఎం4 సాకెట్ 2016లోను, ఏఎం5 సాకెట్ 2022లోను వచ్చినవి. ఒకదాని ప్రాసెసరు రెండవదానిలో అమరదు. ఏఎం5 బోర్డులు డీడీఆర్5 ర్యామును మాత్రమే గ్రహించును. మావాడు చవకయని డీడీఆర్4 వ్రాసియుండెను! రెండింటికిని 288 కాళ్లే యున్నను, నడిమి గంటు వేరుచోట నుండుటచే ఒకదాని గాడిలో రెండవది దిగదు. చివరకు ఏఎం4 బోర్డునే తీసికొని, 8 జీబీ ర్యాములు రెండు వేసితిమి. ఒక్కటే 16 జీబీది వేసినదానికంటె రెండు మార్గముల సమాచారము త్వరగా నడచును.

“ఏఎం5 అయినచో ముందుముందు క్రొత్త ప్రాసెసరు మార్చుకొనవచ్చును గదా” అని వాడు చిన్నబుచ్చుకొనెను. ఆ మాట నిజమే. కాని ఉన్న సొమ్ము 70 వేలే.

పవర్ సప్లై విషయమున మాత్రము నేను పట్టు విడువలేదు. గోడనుండి వచ్చు 230 వోల్టుల విద్యుత్తును 12 వోల్టులు, అంతకు తక్కువకు దించి, అన్ని భాగములకు పంచునది అదియే. వాడు పేరూరూలేని దానిని 1,200కు వ్రాసెను. మా వీధి కుర్రవాని యంత్రమున అట్టిదే కాలి, మదర్‌బోర్డును కూడ కాల్చెను. మా యంత్రమంతయు 300 వాట్లు మించి వాడదు. అయినను మంచి తయారీదారుని 550 వాట్ల పవర్ సప్లైని కొంటిమి.

ఎస్ఎస్‌డి, క్యాబినెట్ కూడ చేరగా 4 వేలు మిగిలెను. రంగురంగుల దీపములు పెట్టింతునని వాడు, కరెంటు పోయినపుడు ఆదుకొను యూపీఎస్ కొనుమని నేను రెండు దినములు వాదించుకొంటిమి. మూడవనాడు ఆట నడుమ కరెంటు పోయెను. తెర ఆరలేదు, లోపలి గదినుండి “తాతయ్యా!” అను కేక వినవచ్చెను.