టీకాలన్నీ అయిపోయినయి అనుకుంటున్నారా?

బుధవారం పొద్దున్నే మా అక్క ఫోన్. ‘‘బాబును అంగన్‌వాడీకి తీస్కపోరా, ఆశా అక్క మూడుసార్లు ఫోన్ చేసింది.’’ వాడికి ఐదున్నరేళ్లు. ఇంకా ఏం సూదులు మిగిలాయని విసుక్కుంటూనే బయల్దేరాను.

నర్సమ్మ టీకాల కార్డు తిరగేసి ఒక గడి మీద వేలు పెట్టింది. ఖాళీ!

‘‘ఆరు, పది, పద్నాలుగు వారాలవి పడ్డయి. ఏడాదిన్నర బూస్టర్ కూడా పడ్డది. మరి ఐదేండ్లది ఏది తమ్ముడూ?’’

నా దగ్గర జవాబు లేదు. ఇల్లు మారిన హడావిడిలో ఆ టీకా సంగతే మర్చిపోయాం.

ఆ గడి డీపీటీ రెండో బూస్టర్‌ది. అందులో ‘డీ’ అంటే డిఫ్తీరియా. తెలుగులో కంఠసర్పి. దగ్గు, తుమ్ము తుంపర్లతో అంటుకుంటుంది. మామూలు గొంతునొప్పి, కొద్దిపాటి జ్వరంలాగే మొదలవుతుంది. తర్వాత గొంతులో బూడిదరంగు పొర కట్టి ఊపిరికి అడ్డం పడుతుంది. దాని విషం రక్తంలో కలిస్తే గుండె, నరాలు దెబ్బతింటాయి. అప్పుడు యాంటీబయాటిక్ ఒక్కటే చాలదు, యాంటీటాక్సిన్ కావాలి. అది కూడా ఆలస్యమైతే అప్పటికే జరిగిన నష్టాన్ని వెనక్కి తేలేదు. హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌కు, అదే మన పెద్దోళ్ల ‘కోరంటి దవాఖాన’కు, ఇప్పటికీ ఇలాంటి పిల్లలు వస్తూనే ఉన్నారు.

‘‘చిన్నప్పుడు వేసినయి సరిపోవా?’’ అని అడిగా.

‘‘నీ ఫోన్‌కు ఒక్కసారి చార్జింగ్ పెడితే ఎన్ని రోజులొస్తది? ఇదీ అంతే. బలం తగ్గుతుంటది, మళ్లీ ఎక్కియ్యాలె.’’

పక్కనే ఒకామె పాపను ఎత్తుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. ‘‘పోయినసారి రాత్రంతా జ్వరం. మళ్లొస్తే నేను కూలికెట్ల పోవాలె?’’ ఆమె బాధలోనూ నిజముంది. నర్సమ్మ కసరలేదు. జ్వరమొస్తే ఎంత మందు వేయాలో చెప్పింది, తన నంబర్ ఇచ్చింది. ‘‘జ్వరం ఒకట్రెండు రోజులే అక్కా. రోగమొస్తే మనం ఆపలేం.’’ ఆమె లోపలికొచ్చింది.

మావాడు ఏడ్చాడు, చాక్లెట్‌తో ఊరుకున్నాడు. నేను లేస్తుంటే నర్సమ్మ అడిగింది: ‘‘ఇంట్ల ఇంకెవరున్నరు?’’

‘‘చెల్లె. ఇంటర్ ఫస్టియర్.’’

‘‘పదేండ్లకు, పదహారేండ్లకు టీడీ వెయ్యాలె. పడ్డదా?’’

మళ్లీ నా దగ్గర జవాబు లేదు.

శనివారం చెల్లెను తీసుకెళ్లాను. మీ ఇంట్లోనూ ఓ టీకాల కార్డు బీరువాలో ఉండే ఉంటుంది. ఇవాళ ఒకసారి బయటకు తీయండి. ఖాళీ గడి కనిపిస్తే దగ్గర్లోని ఆశా కార్యకర్తను అడగండి. ప్రభుత్వ కేంద్రాల్లో ఈ టీకాలు ఉచితం. ఒక్క మాట: ఏడేళ్లు దాటితే డీపీటీ వేయరు, టీడీ వేస్తారు. అందుకని వయసు దాటిందని ఊరుకోకండి.