జెలటిన్ గ్లాసు ఆకలిని ఎంతసేపు ఆపుతుంది?

ఫోన్ తెరిస్తే ఈ మధ్య ఒకటే గోల. గ్లాసులో తెల్లపొడి వేస్తారు, వేడినీళ్లు పోస్తారు, నిమ్మకాయ పిండుతారు. "భోజనానికి అరగంట ముందు తాగండి, ఆకలే వేయదు" అంటారు. కింద కామెంట్లలో "అక్కా, లింక్ పెట్టవా?" అని క్యూ. దీని పేరు జెలటిన్ ట్రిక్. కొందరైతే ఏకంగా 'నేచురల్ మౌంజారో' అని పేరు పెట్టేశారు.

ఆ పేరు ఊరికే రాలేదు. బరువు తగ్గించే మౌంజారో ఇంజెక్షన్ 2025 మార్చిలో, వెగోవీ అదే ఏడాది జూన్‌లో మన దేశానికి వచ్చాయి. డాక్టర్ రాయాలి, నెలకి వేలల్లో ఖర్చు. అంత పెట్టలేనివాళ్లకి వంటింట్లో దొరికే ఇంజెక్షన్ లాంటిది ఒకటి ఉందంటే ఎవరు చూడరు? మా కల్లూరులో చెల్లెలి వరస అమ్మాయిలు ముగ్గురు ఇదే వీడియో నాకు పంపారు. సాఫ్ట్‌వేర్ చేసేదానికి అన్నీ తెలుస్తాయని మా ఊళ్లో ఒక నమ్మకం. వాళ్లలో ఒకమ్మాయికి మాఘమాసంలో పెళ్లి. రాత్రి అన్నం పూర్తిగా మానేసి, బదులుగా ఈ గ్లాసే తాగాలని ప్లాన్. ఆ 'బదులుగా' అన్న మాట దగ్గరే నేను ఆగాను.

ముందు అసలు జెలటిన్ అంటే ఏంటో చూద్దాం. ఆదివారం పాయా వండుకుంటే, మిగిలిన పులుసు పొద్దున్నకి గిన్నెలో గడ్డకట్టి, గరిటె పెడితే తుళతుళలాడుతుంది కదా? అదే జెలటిన్. జంతువుల చర్మం, ఎముకల్లో ఉండే కొల్లాజెన్‌ని నీళ్లలో ఉడికిస్తే దిగే ప్రొటీన్. ఫ్యాక్టరీలో దాన్నే శుద్ధి చేసి, ఎండబెట్టి పొడి చేస్తారు. కాబట్టి శాకాహారులు ప్యాకెట్ తిప్పి చూసుకోవాలి. ముదురు గోధుమరంగు త్రిభుజం ఉంటే మాంసాహారం, పచ్చ చుక్క ఉంటే శాకాహారం.

ఇక్కడే మొదటి తిరకాసు. కల్లూరులో కిరాణాకొట్టుకి వెళ్లి జెలటిన్ అడిగితే చేతిలో పెట్టేది రంగురంగుల జెల్లీ ప్యాకెట్, లేదంటే చైనా గ్రాస్. రెండూ వేరు సరుకులు. జెల్లీ ప్యాకెట్‌లో ఎక్కువ భాగం చక్కెరే. చైనా గ్రాస్ సముద్రపు నాచు నుంచి తీసేది, అందులో చెప్పుకోదగ్గ ప్రొటీన్ ఉండదు. రీల్‌లో చూపించేది రుచీ రంగూ లేని ఉత్త జెలటిన్ పొడి. అది కేక్ సామాన్లు అమ్మే షాపులోనో, ఆన్‌లైన్‌లోనో వెతుక్కోవాలి.

చేసే పద్ధతి పెద్ద విద్యేం కాదు. ఒక పెద్ద చెంచా పొడి (ఇంచుమించు పది గ్రాములు) పావు గ్లాసు చల్లటి నీళ్ల మీద చల్లి, ఐదు నుంచి పది నిమిషాలు వదిలేయండి. ఉబ్బి తడి ఇసుకలా అవుతుంది. ఈ మెట్టు దాటేసి నేరుగా వేడినీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది, ఎంత తిప్పినా కరగదు. నానాక ముప్పావు గ్లాసు వేడినీళ్లు పోసి, పొడి కనపడకుండా కరిగేదాకా కలపండి. మరగబెట్టొద్దు, పట్టు తగ్గిపోతుంది. నిమ్మరసం, చిటికెడు ఉప్పు, కావాలంటే దంచిన అల్లం. గోరువెచ్చగా తాగితే పానీయం, ఫ్రిజ్‌లో పెడితే జెల్లీ. పచ్చి బొప్పాయి, పచ్చి అనాస ముక్కలు మాత్రం వేయకండి. వాటిలో ప్రొటీన్‌ని కోసేసే ఎంజైములు ఉంటాయి, జెల్లీ గట్టిపడదు. చక్కెర, తేనె కలిపితే మొదలుపెట్టిన పనే చెడిపోయినట్టు.

వాసన గురించి కూడా నిజం చెప్పాలి. వేడినీళ్లు పోయగానే సన్నగా నీచువాసన వస్తుంది. నిమ్మకాయ ఉన్నది అందుకే. రీల్‌లో అందరూ నవ్వుతూ తాగుతారు గానీ, దీన్ని ఇష్టంగా తాగేవాళ్లు తక్కువే ఉంటారు.

సరే, తాగారు. లోపల ఏం జరుగుతుంది? "కడుపులో జెల్లీగా ఉబ్బి, చోటంతా ఆక్రమిస్తుంది" అని వీడియోల్లో చెప్తారు. వినడానికి బాగుంది. కానీ జెలటిన్ జెల్లీ 30–35 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. నోట్లో పెట్టుకోగానే జారిపోయేది అందుకే. మన ఒళ్లు 37 డిగ్రీలు. ఫ్రిజ్‌లో గట్టిగా ఉన్న జెల్లీ కూడా కడుపులోకి వెళ్లేసరికి నీళ్లే. పైగా అక్కడ పెప్సిన్ అనే ఎంజైము దాన్ని ముక్కలు చేయడానికి సిద్ధంగా ఉంటుంది. ఉబ్బి కూర్చోవడం అనేది జరిగే పని కాదు.

మరి ఆకలి తగ్గినట్టు అనిపించేది భ్రమేనా? కాదు. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ యూనివర్సిటీ పరిశోధకులు 2009లో దీన్ని పరీక్షించారు. పొద్దున టిఫిన్‌లో రకరకాల ప్రొటీన్లు పెట్టి, మధ్యాహ్నం ఎవరెంత తింటారో కొలిచారు. జెలటిన్ తిన్నవాళ్లు పాల ప్రొటీన్, సోయా ప్రొటీన్ తిన్నవాళ్లకంటే సుమారు ఐదో వంతు తక్కువ తిన్నారు. అంటే ఆ పూటకి పని చేసింది. ప్రొటీన్ ఏదైనా కడుపు నిండిందన్న సంకేతాలు పంపుతుంది, జెలటిన్ కూడా పంపింది. కానీ అదే యూనివర్సిటీ వాళ్లు నెలల తరబడి చూసినప్పుడు, తగ్గిన బరువుని నిలబెట్టుకోవడంలో జెలటిన్ వల్ల అదనపు లాభం కనిపించలేదు.

మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, ఇక్కడ ఏ/బీ టెస్ట్ కూడా చూడాలి. జెలటిన్ గ్లాసులో జెలటిన్ పది గ్రాములే, మిగతాదంతా నీళ్లు. మరి పనిచేసింది పొడా, నీళ్లా? అమెరికాలోని వర్జీనియా టెక్‌లో 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో, 55 ఏళ్లు దాటినవాళ్లు కొందరు 12 వారాలపాటు ప్రతి భోజనానికి ముందు అర లీటరు మంచినీళ్లు తాగారు. మితంగా తింటూ నీళ్లు తాగినవాళ్లు, అదే తిండి తిని నీళ్లు తాగనివాళ్లకంటే దాదాపు రెండు కిలోలు ఎక్కువ తగ్గారు. నీళ్లకి కామెంట్లలో ఎవరూ లింక్ అడగరు!

'నేచురల్ మౌంజారో' అన్న మాట సంగతీ తేల్చేద్దాం. తిండి తిన్నాక మన పేగులు జీఎల్‌పీ-1 అనే హార్మోన్ విడుదల చేస్తాయి. "చాలు" అని మెదడుకి చెప్పేవాటిలో అదొకటి. ప్రొటీన్ తింటే అది పెరుగుతుంది, ఆ ముక్క నిజమే. కానీ ఒంట్లో పుట్టిన జీఎల్‌పీ-1 రెండు నిమిషాల్లోనే సగానికి పడిపోతుంది. వెగోవీలోని సెమాగ్లూటైడ్ సగానికి తగ్గడానికి దాదాపు వారం పడుతుంది, మౌంజారోలోని టిర్జెపటైడ్‌కి ఐదు రోజులు. రెండు నిమిషాలెక్కడ, వారం ఎక్కడ!

ఇప్పుడు 'బదులుగా' దగ్గరికి వద్దాం. పది గ్రాముల జెలటిన్‌లో తొమ్మిది గ్రాముల దాకా ప్రొటీన్, 35 కేలరీలు. కాగితం మీద గుడ్డుకంటే ఎక్కువే, గుడ్డులో ఆరు గ్రాములే. కానీ జెలటిన్‌లో ట్రిప్టోఫాన్ అనే అత్యవసర అమైనో ఆమ్లం అసలే ఉండదు. దాన్ని ఒళ్లు సొంతంగా తయారు చేసుకోలేదు. అందుకే ప్రొటీన్ నాణ్యత కొలిచే లెక్కలో జెలటిన్‌కి వచ్చే మార్కు సున్నా. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. అరవై కిలోల మనిషికి యాభై గ్రాములు. ఆ యాభైలోకి జెలటిన్‌ని కలుపుకుంటే కండకి దక్కేది తక్కువే.

ఇది కొత్తగా తెలిసిన సంగతీ కాదు. ప్యారిస్‌లో ఒకప్పుడు ఎముకలు ఉడికించి తీసిన జెలటిన్ రసం పేదలకి చవకైన తిండి అవుతుందని ఆశపడ్డారు. ఫ్రాన్సువా మజాండీ అధ్యక్షతన వేసిన కమిషన్ కుక్కల మీద పరీక్షలు చేసి, జెలటిన్ ఒక్కటే ప్రాణం నిలపదని 1841లో తేల్చింది. అయినా 1976లో అమెరికాలో రాబర్ట్ లిన్ అనే డాక్టర్ 'ది లాస్ట్ ఛాన్స్ డైట్' పుస్తకం రాశాడు. భోజనం మానేసి, జంతువుల చర్మం, కొమ్ముల్లాంటి వాటినుంచి తీసిన ద్రవ ప్రొటీన్ తాగమన్నాడు. పుస్తకం లక్షల్లో అమ్ముడైంది. ఆ తర్వాత రెండేళ్లలో, అలాంటి ద్రవ ప్రొటీన్లు తాగినవాళ్లలో దాదాపు 60 మరణాలు అధికారుల దృష్టికి వచ్చాయి. కొందరు వయసులో ఉన్న ఆడవాళ్లు. గుండె లయ తప్పి పోయారు. వాళ్లు నెలల తరబడి దాదాపు అదొక్కటే తాగారు, మనం తాగేది ఒక గ్లాసు. తేడా ఉంది. కానీ పూట భోజనం తీసేసి ఆ చోట గ్లాసు పెట్టడం ఆ దారిలో మొదటి అడుగే.

మధుమేహానికి ఇన్సులిన్‌గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలుగానీ వాడేవాళ్లు తిండి మానేసి ఇది తాగితే షుగర్ పడిపోయి కళ్లు తిరగొచ్చు. కిడ్నీ జబ్బున్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడక్కుండా మొదలుపెట్టొద్దు.

అసలు "కడుపులో ఉబ్బి కూర్చునేది" కావాలనుకుంటే, అది మన పక్క అడవిలోనే ఉంది. భద్రాచలం ఏజెన్సీలో కోయ, కొండరెడ్డి కుటుంబాలు తపసి చెట్టునుంచి జిగురు సేకరించి గిరిజన సహకార సంస్థకి అమ్మడం దశాబ్దాల నాటి పని. ఇంగ్లిష్‌లో గమ్ కరాయా. చిన్న పలుకు నీళ్లలో వేసి రాత్రంతా ఉంచితే గిన్నె నిండా తెల్లటి జెల్లీ. ఇది పీచు పదార్థం, జీర్ణం కాదు, ఒంటి వేడికి కరగదు. మలబద్ధకం మందుల్లో వాడేది అందుకే. సబ్జా గింజలదీ అలాంటి పనే. చైనా గ్రాస్ జెల్లీ కరగాలంటే 85 డిగ్రీలు కావాలి, కాబట్టి కడుపులో గట్టిగా ఉండేది జెలటిన్ కాదు, కొట్టువాడు పొరపాటున ఇచ్చిన ఆ చైనా గ్రాసే! తమాషా కదూ.

అయితే ఉబ్బే వస్తువు ఏదైనా గ్లాసులోనే పూర్తిగా ఉబ్బాలి, గొంతులో కాదు. అమెరికాలో గ్వార్ జిగురుతో చేసిన కాల్-బాన్ 3000 అనే సన్నబడే మాత్రలు అన్నవాహికలో ఉబ్బి అడ్డుపడటంతో 1990లో ఆపించేశారు. గ్వార్ అంటే మన గోరుచిక్కుడే. జిగురు పొడిని నోట్లో వేసుకుని నీళ్లు తాగడం లాంటి సాహసాలు వద్దు. మొదట్లో బఠాణీ గింజంత చాలు, ఎక్కువైతే కడుపు ఉబ్బరం. మాత్రలు వేసుకునేవాళ్లు రెండింటికీ మధ్య రెండు గంటల తేడా ఉంచుకోవాలి.

పెళ్లికూతురికి నేను చెప్పింది ఇదీ: రాత్రి భోజనం ఉండాల్సిందే. ఒక రొట్టె, గిన్నెడు పప్పు, కూర, మజ్జిగ. అన్నం సగం తగ్గించుకో, మానేయకు. జెలటిన్ తాగాలని అంత ముచ్చటగా ఉంటే సాయంత్రం ఐదింటికి, మిర్చిబజ్జీ బండి వాసన వీధిలోకి వచ్చే టైముకి తాగు. అదే టైముకి గుప్పెడు వేయించిన శనగలు, పెద్ద గ్లాసు మజ్జిగ అయినా సరే. శనగల్లో ప్రొటీన్ ఉంది, పీచు ఉంది, నమలడానికి పది నిమిషాలు పడుతుంది, నీచువాసన అసలే రాదు. "మరి పది కిలోలు?" అంది. పెళ్లికి పది వారాలుంది. వారానికి అర కిలో లెక్కన ఐదు కిలోలు తగ్గొచ్చు, అది కూడా రోజూ కాలవగట్టు మీద నడిస్తే. జాకెట్లు ఇప్పుడే కుట్టనివ్వకు అన్నాను.