హోటల్ ఖర్చు సున్నా... మరి బండి ఖర్చో?

"హోటల్ ఖర్చు సున్నా" అంటూ మొదలయ్యే వీడియోలు ఈ మధ్య మీ ఫోన్లోకీ వస్తూనే ఉంటాయి. వ్యాన్ వెనక తలుపు తీస్తే ఎదురుగా లోయ, లోపల పరుపు, చిన్న స్టవ్ మీద కాఫీ. కింద కామెంట్లలో సగం మంది "బ్రో, బండి ఎంత?" అని అడుగుతారు. ఆ ఒక్కదానికి మాత్రం జవాబు రాదు.

మనకి క్యారవాన్ అంటే షూటింగ్‌లో హీరో కూర్చునే బండి. అమెరికాలో ఆర్వీ అంటారు. మంచం, వంటగది, బాత్రూమ్ అన్నీ చక్రాల మీదే. ఇది నిజంగా చవకైన ప్రయాణమేనా అన్న ప్రశ్న నాకు కాలక్షేపం కోసం వచ్చింది కాదు. మాది యానాం. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. నాన్నగారు ఈమధ్యే రిటైరయ్యారు. చేతికొచ్చిన డబ్బులోంచి పాతిక లక్షలు పెట్టి ఒక వ్యాన్ కొని, లోపల మంచాలూ బాత్రూమూ కట్టించి, అమ్మని కాశీ, రామేశ్వరం తిప్పుకొస్తానని పట్టుబట్టారు. "రూములకి తగలేసేదేదో బండి మీదే పెడదాంరా. రూమైతే అద్దె పోద్ది, బండైతే మిగులుద్ది" అని ఆయన వాదన. వినడానికి బాగానే ఉంది. తేల్చే పని నా మీద పడింది. ఇంట్లో ఎక్సెల్ తెలిసినవాణ్ని నేనొక్కణ్నే మరి.

కొనడం సంగతి తర్వాత, ముందు అద్దె చూద్దాం. నలుగురు మనుషులు, నాలుగు రోజులు, మూడు రాత్రులు. హైదరాబాద్ నుంచి యానాం వచ్చి, చుట్టుపక్కల ద్రాక్షారామం, కోరింగ మడ అడవులు, అంతర్వేది చూసుకుని వెనక్కి. మొత్తం 1,200 కిలోమీటర్లు వేసుకోండి. క్యారవాన్ రోజుకి 9,000 అనుకుందాం (ఇంతకన్నా తక్కువవీ ఉన్నాయి, బాగా ఎక్కువవీ ఉన్నాయి. మీకు చెప్పిన రేటు మీరు పెట్టుకోండి). అద్దె 36,000. లీటరుకి 10 కిలోమీటర్లు ఇస్తే 120 లీటర్ల డీజిల్, లీటరు 95 చొప్పున 11,400. మనమే వండుకుంటే సరుకులకి 3,000. మొత్తం 50,400.

అదే ట్రిప్పు సొంత కారులో. లీటరుకి 18 వస్తే డీజిల్ 6,300. రెండు వేల రూపాయల ఏసీ రూములు రెండు, మూడు రాత్రులకి 12,000. మనిషికి రోజుకి 600 చొప్పున బయట భోజనం 9,600. మొత్తం 27,900. టోల్ రెంటికీ వదిలేశాను. నిజానికి పెద్ద వ్యాన్‌ని మినీబస్సు కింద లెక్కగడితే అక్కడ కూడా ఎక్కువే పడుతుంది.

అంటే ఇరవై రెండు వేలు ఎక్కువ పెట్టి, మన వంట మనమే చేసుకుని, మన గిన్నెలు మనమే కడుక్కుంటున్నామన్నమాట. రెండూ సమానం కావాలంటే క్యారవాన్ రోజుకి 3,400 లోపు దొరకాలి. లేదా రూములు మండిపోతూ ఉండాలి. డిసెంబర్ లాంగ్ వీకెండ్‌లో అరకులో రూము ఆరు వేలు చెప్పారనుకోండి, అప్పుడు కారు లెక్క కూడా యాభై వేలు దాటుతుంది. అలాంటి వారం రోజుల్లో క్యారవాన్ తెలివైన పనే. మామూలు రోజుల్లో కాకినాడలోనో రాజమండ్రిలోనో రూము దొరికేచోట కాదు.

ఇక రైలుని ఈ పోటీలోకి తేవడమే అన్యాయం. లింగంపల్లిలో గౌతమి ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి కాకినాడ. పడుకునే బండే కదా అది కూడా, బాత్రూమ్‌తో సహా!

కొంటే ఎంత?

నాన్నగారి పాతిక లక్షల దగ్గరికొద్దాం. ఆ డబ్బు బ్యాంకులో వేసి ఏడు శాతం వస్తుందనుకుంటే ఏడాదికి 1,75,000 వడ్డీ. బండి కొన్నరోజే ఆ వడ్డీ ఆగిపోతుంది. ఏడేళ్ల తర్వాత బండిని 11 లక్షలకి అమ్మామనుకుందాం. పోయిన 14 లక్షలు ఏడేళ్లకి పంచితే ఏడాదికి రెండు లక్షలు. ఇన్సూరెన్స్, సర్వీసింగ్, టైర్లు, బ్యాటరీలు అన్నీ కలిపి 75,000. చుక్క డీజిల్ పోయకుండానే ఏడాదికి నాలుగున్నర లక్షలు.

ఏడాదిలో 30 రాత్రులు ఆ బండిలో పడుకుంటే రాత్రికి 15,000. మన చుట్టుపక్కల ఆ రేటుకి ఎలాంటి రూము వస్తుందో మీకే తెలుసు. 150 రాత్రులు పడుకుంటే 3,000కి దిగుతుంది. రూమైతే చెక్ అవుట్ చేశాక అద్దె ఆగిపోతుంది. బండి అద్దె మన షెడ్డులో ఉన్నప్పుడూ నడుస్తూనే ఉంటుంది.

ఈ లెక్క చూపిస్తే నాన్నగారు ఏమాత్రం తడుముకోకుండా "అయితే నూటయాభై రాత్రులూ తిరుగుదాం" అన్నారు. "ఏవండీ, మరి ఇంటికాడ అత్తయ్యగార్ని ఎవరు చూస్తారు?" అని అమ్మ అడిగింది. ఆ పూటకి చర్చ వాయిదా.

మా ఊరివాళ్లకి ఇంకో ఆశ కూడా ఉంది. యానాం పుదుచ్చేరి కిందది కాబట్టి ఆంధ్రా కన్నా డీజిల్ చవక. లీటరుకి పది రూపాయల పైన తేడా ఉన్న రోజులు చాలా చూశాం. ఎదుర్లంక వైపు నుంచి బాలయోగి వారధి దాటి వచ్చే బండ్లు ట్యాంకు నింపుకుని వెళ్లడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. కానీ ట్యాంకు పట్టేది 70 లీటర్లు. మిగిలేది ఏడొందలు. బంకు దాటి ఒక ఐదారొందల కిలోమీటర్లు వెళ్లాక మళ్లీ బయటి రేటే. పీవై-04 నంబరు సంగతి కూడా అంతే. యానాంలో ఉండే నాన్నగారు ఇక్కడ రిజిస్టర్ చేయించుకోవడం సబబే. అదే బండిని నేను హైదరాబాద్ తీసుకెళ్లి 12 నెలలకి మించి ఉంచేస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 47 ప్రకారం అక్కడి నంబరుకి మార్చుకోవాలి.

లోపల మార్పులు కూడా ఇష్టం వచ్చినట్టు కుదరవు. సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని అనుమతి లేకుండా మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. మోటార్ క్యారవాన్లకి ఏఐఎస్-124 అని విడిగా ఒక ప్రమాణం ఉంది. దాని ప్రకారం ఆమోదం ఉన్న బండి కొనడం వేరు, సందు చివర వెల్డింగ్ షాపులో మంచాలు బిగించుకోవడం వేరు. రెండోది చవకే. కానీ ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు ముందు చూసేది ఆ వెల్డింగే.

మే నెల, యానాం, ఏసీ

రీల్స్‌లో ఎప్పుడూ చలి ప్రదేశాలే ఎందుకుంటాయో ఆలోచించారా? గోదావరి ఒడ్డున మే నెల రాత్రి ఇనప డబ్బాలో పడుకుని చూడండి, తెలుస్తుంది. గాలి ఆడదు, ఒళ్లంతా జిగట. కిటికీ తీస్తే దోమలు.

ఏసీ వేద్దామంటే కరెంటు ఎక్కడిది? చిన్న ఏసీ రాత్రంతా తిరిగితే అయిదారు యూనిట్లు తాగుతుంది. ఇంట్లో ఇన్వర్టర్‌కి వాడే 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో పట్టేది 1.8 యూనిట్లు. పాతరకం బ్యాటరీని సగం కన్నా ఎక్కువ ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది కాబట్టి వాడుకోగలిగేది ఒక్క యూనిట్ కూడా కాదు. అంటే ఒక రాత్రికి ఆరు బ్యాటరీలు. పైన 400 వాట్ల సోలార్ ప్యానెల్ పెడితే మంచి ఎండలో రోజుకి ఇచ్చేది రెండు యూనిట్ల లోపే. లిథియం బ్యాటరీలు ఈ పని చేస్తాయి కానీ వాటి రేటు విన్నాక రూమే చల్లగా అనిపిస్తుంది. ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఏసీ వేసుకుని పడుకోవడం మాత్రం ఎప్పుడూ చేయకండి. డీజిల్ దండగ సంగతి అటుంచండి, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరితే నిద్రలోనే ప్రాణం పోతుంది.

కాబట్టి ఎండాకాలంలో ప్లగ్గు పెట్టుకునే చోటు కావాలి. ప్లగ్గుకి డబ్బులు కట్టాక "ఫ్రీ స్టే" ఎక్కడిది? పైగా అలాంటి చోట్లు మనకి చాలా తక్కువ. కేరళ 2021లో 'కేరవాన్ కేరళ' అని పాలసీ తెచ్చి బండ్లతో పాటు క్యారవాన్ పార్కుల్నీ అందులో కలిపింది. పార్కు లేకపోతే బండి ఎందుకూ కొరగాదని వాళ్లకి అర్థమైంది. కోనసీమలో అయితే ఇంకో చిక్కు. కాలవ గట్టు రోడ్ల మీద ఎదురుగా బస్సొస్తేనే కారు పక్కకి దిగాలి. పైన కొబ్బరి మట్టలు, కిందకి వేలాడే వైర్లు. అంత ఎత్తు బండి లోపలి ఊళ్లకి వెళ్లదు.

బాత్రూమ్ ట్యాంకు ఎక్కడ ఖాళీ చేస్తారన్నది ఏ వీడియోలోనూ కనపడదు. దయచేసి కాలవలో మాత్రం వద్దు. డెల్టాలో ఎన్నో ఊళ్లు ఆ నీళ్లే చెరువుల్లో నింపుకుని తాగుతాయి.

అమెరికాలో ఎందుకు కుదురుతుంది?

డాలస్‌లో ఉన్న నా క్లాస్‌మేట్, వాళ్ల అమ్మానాన్న వచ్చినప్పుడు ఆర్వీ అద్దెకి తీసుకుని ఎల్లోస్టోన్ వెళ్లొచ్చాడు. "చవకేనా?" అని అడిగితే నవ్వాడు. రాత్రికి ఇంత అని అద్దె, మైలుకి ఇంత, జనరేటర్ గంటకి ఇంత, క్యాంప్‌గ్రౌండ్‌కి మళ్లీ వేరే. పెద్ద ఆర్వీలు గ్యాలన్‌కి ఎనిమిది నుంచి పది మైళ్లు ఇస్తాయి, అంటే లీటరుకి నాలుగు కిలోమీటర్ల అటూ ఇటూ. అయినా వాడికి గిట్టింది. సీజన్‌లో పార్కు దగ్గర హోటళ్లు ఆకాశంలో ఉంటాయి. ఆరుగురికి మూడు పూటలా బయట తిండి అంటే మాటలు కాదు, పైగా వాళ్ల నాన్నగారికి పప్పన్నం లేనిదే కుదరదు. ప్లగ్గు, నీళ్ల పంపు, ట్యాంకు ఖాళీ చేసే చోటు అన్నీ ఉన్న పార్కులు అక్కడ కావలసినన్ని. ఊరికి దూరంగా చాలా ప్రభుత్వ భూముల్లో 14 రోజుల దాకా ఊరికే ఉండొచ్చు కూడా. ఆ ఏర్పాటు వెనక ఉంది కాబట్టి అక్కడ బండికి విలువ.

మన దగ్గర అసలైన ఆర్వీ వేరే ఉంది. కాశీ యాత్ర బస్సు! డిక్కీలో గ్యాస్ పొయ్యి, గుండిగలు, బియ్యం బస్తాలు, ఆవకాయ. వెంట వంటమాస్టారు. రాత్రి సత్రంలో పడక. మా మామ్మ ఇలాగే పదిహేను రోజులు వెళ్లొచ్చింది. 3,500 కిలోమీటర్లకి, కిలోమీటరు 60 చొప్పున బస్సుకి 2,10,000 అనుకోండి. 42 మంది పంచుకుంటే తలకి 5,000. చవకంటే ఇదీ. సీట్లన్నీ నిండడంలో ఉంది కిటుకంతా. దీనికీ పాత చరిత్ర ఉంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో మద్రాసు నుంచి బయల్దేరి కాశీ చూసుకుని 1831 సెప్టెంబర్‌కి తిరిగొచ్చారు. పల్లకీ, బోయీలు, డేరాలు, వంట సామాను, పెద్ద పరివారం అన్నీ వెంట నడిచాయి. ఆయనా రూములు బుక్ చేసుకోలేదు, కానీ దాన్ని చవక ప్రయాణమని ఎవరూ అనరు.

(బండిలో గ్యాస్ గురించి ఒక్క మాట. 2023 ఆగస్టులో మదురైలో ఆగి ఉన్న యాత్రికుల రైలు పెట్టెలో, నిబంధనలకి విరుద్ధంగా తెచ్చిన సిలిండర్ వల్ల మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. బస్సయినా వ్యానయినా వంట కిందకి దిగాకే.)

మరి మీ అమ్మగారిని యాత్ర బస్సే ఎక్కించొచ్చుగా అంటారా? అమ్మ ఎక్కదు. మోకాళ్ల నొప్పి, బీపీ మాత్రలు. బస్సెక్కే ముందు రోజు రాత్రి నుంచే నీళ్లు తాగడం మానేస్తుంది, దారిలో ఎక్కడ ఆపుతారో, ఆ బాత్రూమ్ ఎలా ఉంటుందో అని. ఆమె వయసు ఆడవాళ్లు మీ ఇంట్లో ఉంటే అడిగి చూడండి, ఇదే చెబుతారు. నాన్నగారు బండి అంటున్నది ఇందుకేనని నాకు అర్థమయ్యేసరికి రెండు నెలలు పట్టింది. ఆయన రూము అద్దె గురించి మాట్లాడారు కానీ అమ్మ నీళ్ల గ్లాసు గురించి ఒక్కసారి కూడా అనలేదు.

అప్పుడు లెక్క మళ్లీ మొదటి నుంచి వేశాను. మాకు కావలసింది నాలుగు మంచాలు, వంటగది, సోలార్ ప్యానెల్ కాదు. ఒక శుభ్రమైన బాత్రూమ్, కాళ్లు చాపుకునే సీటు. మడతపెట్టి మోసుకెళ్లే పోర్టబుల్ టాయిలెట్లు వేలల్లోనే వస్తాయి, లక్షలు అక్కర్లేదు. వెనక తెర కట్టిన అద్దె ట్రావెలర్‌లో అదొకటి పెట్టుకుని, రాత్రికి కింది అంతస్తు రూము తీసుకుంటే కాశీ దాకా వెళ్లినా పాతిక లక్షల వడ్డీలో సగం కూడా అవదు. నాన్నగారు ఒప్పుకున్నారు, సగం మనసుతో. మిగతా సగం కోసం జనవరిలో, చలి ఉండగా, మూడు రోజులకి నిజం క్యారవాన్ ఒకటి అద్దెకి మాట్లాడాం. యానాం నుంచి అన్నవరం, అక్కడి నుంచి అరకు.

ఓనరుకి స్పీకర్‌లో ఫోన్ చేసి నేను బ్యాటరీ కెపాసిటీ, కిలోమీటర్ల పరిమితి, అడ్వాన్స్ ఎప్పుడు వెనక్కిస్తారు అని అడుగుతున్నాను. నాన్నగారు మైలేజీ అడిగారు. అమ్మ వంటింట్లోంచే కేకేసింది: "ఆ బాత్రూమ్ తలుపుకి లోపలినుంచి గడియ పడుతుందేమో కనుక్కోరా."