ఎన్నికకు ముందు జరుగు ఎన్నిక

పోలింగు దినమున ఓటరు యంత్రము మీది మీట నొక్కి తన ప్రతినిధిని ఎన్నుకొనును. మన దేశమున 18 సంవత్సరములు నిండిన పౌరులకు ఈ హక్కు కలదు. లక్షాధికారి ఓటునకును, కూలివాని ఓటునకును విలువ యొక్కటియే. అయితే ఓటరు తన యెదుట నున్న పేర్లలో ఒకదానిని కోరుకొనగలడే గాని, అచట లేని పేరును కోరుకొనజాలడు. ఆ పేర్లు అచటికి ఎట్లు వచ్చినవి? అంతకు ముందే ఎవరో కొందరిని ఏరి, మరికొందరిని విడిచిపెట్టిరి గదా! ఆ తొలి ఎన్నికను గూర్చి తెలిసికొనుట మనకు అవసరము.

చట్టమును బట్టి చూచినచో పోటీ చేయుట దుర్లభము కాదు. 25 సంవత్సరములు నిండి, ఓటర్ల జాబితాలో పేరుండి, చట్టము చెప్పిన అనర్హతలు లేని పౌరుడు లోక్‌సభకు గాని శాసనసభకు గాని నామినేషను వేయవచ్చును. లోక్‌సభకు 25,000 రూపాయలు, శాసనసభకు 10,000 రూపాయలు ధరావతు కట్టవలెను. షెడ్యూల్డు కులముల వారును, షెడ్యూల్డు తెగల వారును సగము కట్టిన చాలును. ఓడిపోయిన అభ్యర్థికి, చెల్లిన ఓట్లలో ఆరవ వంతు కంటె ఎక్కువ రాకున్నచో, ధరావతు తిరిగి రాదు.

కాని పార్టీ అండ లేక గెలుచుట అరుదు. 1951-52 నాటి తొలి సాధారణ ఎన్నికలలో 37 మంది స్వతంత్రులు లోక్‌సభకు గెలిచిరి. 2024లో 543 స్థానములకు గాను ఏడుగురు స్వతంత్రులు మాత్రమే గెలిచిరి. కావుననే పార్టీ టిక్కెట్టు కొరకు అంతటి పోటీ యేర్పడును.

టిక్కెట్టు ఎవరికి ఇయ్యవలెనో, ఏ పద్ధతిని ఇయ్యవలెనో మన చట్టము నిర్ణయింపలేదు. పెద్ద పార్టీలలో సాధారణముగా జిల్లా, రాష్ట్ర సంఘములు కొన్ని పేర్లను సూచించును. ఢిల్లీలోని కేంద్ర ఎన్నికల సంఘముగా పిలువబడు పార్టీ సంఘము తుది నిర్ణయము చేయును. అనేక ప్రాంతీయ పార్టీలలో అధినాయకుని మాటయే చివరి మాట. ఎంపికైన వానికి పార్టీ బి-ఫారము నిచ్చును. అది నామినేషన్ల తుది దినమున మధ్యాహ్నము మూడు గంటలలోపల ఎన్నికల అధికారికి చేరినగాని పార్టీ గుర్తు లభింపదు. అమెరికాలో ఇందుకు భిన్నముగా, ప్రాథమిక ఎన్నికలు జరిపి, పార్టీ అభ్యర్థిని ఓటర్లచేతనే ఎన్నుకొనజేయు పద్ధతి కలదు.

అభ్యర్థిని ఏరునపుడు పార్టీవారు అతని సేవను, పలుకుబడిని, ప్రజలలో గల పేరును, సామాజిక వర్గమును ఆలోచింతురు. వీనితోబాటు వేయు ప్రశ్న మరియొకటి కలదు: "ఇతడు ఎంత ఖర్చు పెట్టుకొనగలడు?" ఏండ్ల తరబడి ఊరూర పనిచేసిన పేద కార్యకర్త యీ ప్రశ్న యొద్దనే నిలిచిపోవచ్చును. అట్లు జరిగినచో ఓటర్లు అతనిని తిరస్కరింపలేదు. వారికి ఆ అవకాశమే రాలేదు.

ఎన్నికలలో వ్యయమంతయు దోషము కాదు. నియోజకవర్గములోని లక్షలాది ఓటర్లకు తన మాట వినిపించుటకు వాహనములు, మైకులు, కరపత్రములు, ప్రకటనలు కావలెను. ఓటునకు నోటునో, మద్యమునో ఇచ్చుట మాత్రము నేరము. ధనమున్న వాడెల్ల గెలువడు. కాని ధనము లేని వాని మాట జనుల చెవికి చేరుటయే కష్టము. అంతేకాక, అప్పుచేసి గెలిచినవాడు అప్పు తీర్చుకొన జూచును. విరాళ మిచ్చినవాడు ప్రతిఫలము కోరవచ్చును. ఈ రెండింటి భారమును తుదకు మోయువారు ప్రజలే.

ఈ కీడును అరికట్టుటకు ఇంగ్లండులో 1883లోనే అభ్యర్థుల వ్యయమునకు హద్దు విధించిరి. మన ప్రజా ప్రాతినిధ్య చట్టము 1951లో అట్టి ఏర్పాటునే చేసినది. 2022లో సవరించిన హద్దు ప్రకారము ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో లోక్‌సభ అభ్యర్థి 95 లక్షల రూపాయలను, శాసనసభ అభ్యర్థి 40 లక్షల రూపాయలను మించి వెచ్చింపరాదు. ఫలితము వెలువడిన 30 దినములలోపల లెక్కలు చూపవలెను. తగిన కారణము లేక చూపనివానిని ఎన్నికల కమిషను మూడు సంవత్సరములపాటు అనర్హునిగా ప్రకటింపవచ్చును.

అయినను ఈ గట్టునకు ఒక గండి మిగిలినది. అభ్యర్థి యెరుకతో పార్టీ అతని కొరకు చేసిన వ్యయమును గూడ అతని లెక్కలో చేర్చవలెనని 1974లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. పార్లమెంటు చట్టమును సవరించి ఆ తీర్పును నిష్ఫలము చేసెను. 2003లో చేసిన సవరణతో ఆ మినహాయింపు పార్టీ నాయకుల ప్రయాణ వ్యయమునకు పరిమితమైనది. కాని పార్టీ తనంతట తాను చేయు మొత్తము వ్యయమునకు మన దేశమున నేటికిని హద్దు లేదు. బ్రిటనులో 2000 సంవత్సరపు చట్టము దానికిని హద్దు నేర్పరచెను.

హద్దులు చాలనిచోట ఓటరు ఎరుకయే రక్ష. అభ్యర్థి ఆస్తులను, చదువును, అతనిపై గల క్రిమినల్ కేసులను ప్రమాణపత్రములో వెల్లడింపవలెనని సుప్రీంకోర్టు 2002లో తీర్పు నిచ్చెను. కేసులున్నవానిని ఎంపిక చేసినచో అందుకు కారణమును పార్టీ ప్రకటింపవలెననియు, గెలువగలడనుట యొక్కటియే కారణము కాజాలదనియు 2020లో ఆదేశించెను. దాతల పేర్లు ప్రజలకు తెలియనీయని ఎన్నికల బాండ్లు 2018లో అమలులోనికి రాగా, ఓటరుకు గల తెలిసికొను హక్కునకు అవి విరుద్ధమని 2024 ఫిబ్రవరి 15న కొట్టివేసెను.

కొలది సంవత్సరములలో మీరును ఓటర్లు కాగలరు. అప్పుడు అభ్యర్థుల పేర్లను చదువుటతో తృప్తిపడక, ఆ ప్రమాణపత్రములను గూడ చదువుడు. "ఈ పార్టీ ఇతనినే యేల నిలిపినది? ఇతనికి ధనమెచటిది?" అని అడుగుడు. ఓటర్లు అడుగుట నేర్చిననాడు, పార్టీలు టిక్కెట్టు ఇచ్చుటకు ముందే ఆ ప్రశ్నలను తమకు తాము వేసికొనక తప్పదు.