మూసీ నీటిలో వాసన పోయిన తర్వాత మిగిలేది: అణువుల ఆకృతి, అంతరణుక బలాలు

హైదరాబాదు తూర్పు భాగంలో నాచారం పారిశ్రామికవాడ, ఉప్పల్ జనావాసాలు, వాటికి దిగువన మూసీ నది ఉన్నాయి. నగరపు మురుగును మోసుకొని వచ్చే మూసీ ఉప్పల్ దాటి పీర్జాదిగూడ, పర్వతాపురం వైపు సాగుతుంది. ఆ నీటితోనే ఒడ్డు పొలాలలో పారా గడ్డిని దశాబ్దాలుగా పెంచి పాడి గేదెలకు మేతగా అమ్ముతున్నారు. నీరు ఎంత చెడినదో సాధారణంగా వాసనను బట్టి నిర్ణయిస్తారు. అయితే ముక్కుకు తెలిసేది నీటిని విడిచిపోయే అణువు మాత్రమే. నీటిలోనే నిలిచిపోయేది ముక్కుకు అందదు. ఏ అణువు విడిచిపోతుంది, ఏది నిలుస్తుంది అన్నది దాని బంధాలపైన, ఆకృతిపైన, ఇతర అణువులతో దానికి గల ఆకర్షణపైన ఆధారపడి ఉంటుంది.

ఒకే ఆకృతి, భిన్న స్వభావం

కేంద్ర పరమాణువు చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్ జంటలు పరస్పరం వికర్షించుకొని వీలైనంత దూరంగా అమరుతాయి. 1957లో గిలెస్పీ, నైహోమ్ ఈ సూత్రాన్ని క్రమబద్ధం చేశారు. నీటి అణువులో ఆక్సిజన్‌కు రెండు బంధ జంటలు, రెండు ఒంటరి జంటలు ఉన్నందున అణువు కోణీయంగా ఉంటుంది, బంధకోణం 104.5°. మురుగులో గాలి అందని చోట సూక్ష్మజీవులు సల్ఫేటు నుంచి తయారుచేసే హైడ్రోజన్ సల్ఫైడు కూడా కోణీయ అణువే. దాని కోణం సుమారు 92°. అయినా నీరు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుండగా, హైడ్రోజన్ సల్ఫైడు సున్నాకు 60 డిగ్రీల దిగువనే మరుగుతుంది.

దీనికి కారణం హైడ్రోజన్ బంధం. ఆక్సిజన్ రుణవిద్యుదాత్మకత 3.44, గంధకానిది 2.58 మాత్రమే. ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను గట్టిగా లాక్కోవడంతో నీటి అణువులు ఒకదానినొకటి పట్టుకొని ఉంటాయి. హైడ్రోజన్ సల్ఫైడుకు ఆ పట్టు లేదు. అందుకే అది గాలిలోకి లేచి, నది కనిపించని వీధులలోనూ కుళ్లిన గుడ్డు వాసనగా తెలుస్తుంది.

కత్వల కింది నురగ

మూసీ కత్వల దిగువన లేచే నురగకు ప్రధాన కారణం డిటర్జెంట్లు. డిటర్జెంటు అణువుకు నీటిని కోరే సల్ఫోనేటు తల ఒకటి, నీటికి దూరంగా ఉండే పొడవైన హైడ్రోకార్బన్ తోక ఒకటి ఉంటాయి. తల నీటిలో, తోక గాలిలో నిలిచి నీటి తలతన్యతను తగ్గిస్తాయి. బుడగలు పగలక నిలుస్తాయి. ఇక్కడా ఆకృతి ముఖ్యమే. తోక శాఖలు లేకుండా ఉంటే సూక్ష్మజీవులు దానిని చివరి నుంచి విచ్ఛిన్నం చేయగలవు. శాఖలు ఎక్కువైతే ఆ పని చాలా నెమ్మదిస్తుంది.

అమ్మోనియా నుంచి నైట్రేటు

మురుగులోని నత్రజని ఎక్కువగా అమ్మోనియా రూపంలో ఉంటుంది. అమ్మోనియా పిరమిడ్ ఆకృతి గల అణువు. దాని బంధకోణం 107°. దానిలోని ఒంటరి జంట ఒక ప్రోటాన్‌ను గ్రహిస్తే చతుర్ముఖీయ అమ్మోనియం అయాను ఏర్పడుతుంది. ఉదజని సూచిక సుమారు 9.25 వద్ద ఈ రెండు రూపాలు సమానంగా ఉంటాయి. క్షారత్వం పెరిగితే అమ్మోనియా వాయువుగా పోతుంది. తగ్గితే అమ్మోనియంగా నిలుస్తుంది. అమ్మోనియం ధనావేశం గలది కనుక రుణావేశం గల బంకమట్టి కణాలు దానిని పట్టి ఉంచుతాయి.

నేలలోని నైట్రోసోమోనాస్, నైట్రోబాక్టర్ వంటి సూక్ష్మజీవులు దానిని నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటు సమతల త్రిభుజాకార అయాను, కోణం 120°. రుణావేశం గల ఈ అయానును బంకమట్టి పట్టదు, నీటి అణువులు మాత్రం అయాను–ద్విధ్రువ ఆకర్షణతో చుట్టుముడతాయి. అందువల్ల అది నీటితో కలిసి కిందికి ఇంకి బావులను చేరుతుంది. వేరు ద్వారా గడ్డిలోకీ చేరుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు.

పశువుకు, రైతుకు

గేదె మొదటి పొట్టలో నైట్రేటు ముందు నైట్రైటుగా, తర్వాత అమ్మోనియాగా మారుతుంది. మేతలో నైట్రేటు మితిమీరితే నైట్రైటు పేరుకొని రక్తంలో చేరి, హీమోగ్లోబిన్‌లోని ఇనుమును ఆక్సీకరిస్తుంది. రక్తం ఆక్సిజన్‌ను మోయలేక గోధుమ రంగుకు తిరుగుతుంది, పశువు ఆయాసపడుతుంది. అప్పుడు ఆలస్యం చేయక పశువైద్యుని పిలవాలి.

మురుగునీటిలో నత్రజని ముందే ఉన్నందున దానితో పండే గడ్డికి అలవాటుగా యూరియా వేయరాదు. నైట్రేటు కాండం అడుగు భాగంలో ఎక్కువగా చేరుతుంది కనుక కొంత ఎత్తు వదిలి కోయడం, ఎండు వరిగడ్డి కలిపి మేపడం మేలు. గడ్డిని ఎండబెట్టినంత మాత్రాన నైట్రేటు పోదు. పాతర వేస్తే కొంత తగ్గుతుంది.

తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణం. నీటిని మరిగిస్తే హైడ్రోజన్ సల్ఫైడు పోతుంది, కానీ ఆవిరి కాలేని నైట్రేటు మిగిలిన నీటిలో మరింత చిక్కబడుతుంది. కాబట్టి ఒడ్డు గ్రామాలలో బావి నీటిని, మేతను వాసన చూసి కాక ప్రయోగశాలలో పరీక్షించి వాడుకోవడమే శ్రేయస్కరం.