ప్లాంటార్ ఫేషియైటిస్

క్రీడాకారుల గాయాల వార్తల్లో తరచు కనిపించే ప్లాంటార్ ఫేషియైటిస్ అంటే, మడమ ఎముక అడుగు నుంచి కాలివేళ్ల మొదళ్ల దాకా సాగి పాదపు వంపును నిలిపి ఉంచే దళసరి పీచుపట్టీ, మడమకు అంటుకునే చోట దెబ్బతినడం వల్ల కలిగే నొప్పి. 2013లో అమెరికా బేస్‌బాల్ ఆటగాడు ఆల్బర్ట్ పుహోల్స్ ఆ సీజన్‌ను మధ్యలోనే ముగించవలసి రావడానికి ఈ పట్టీ పాక్షికంగా చిరగడమే కారణం.

నిద్రలేచి మోపే తొలి అడుగుల్లో పోటు తీవ్రంగా ఉండి, కాస్త నడిచాక తగ్గి, ఎక్కువసేపు నిలబడితే మళ్లీ పెరగడం దీని ముఖ్య లక్షణం. అడుగు ఎత్తేటప్పుడు వేళ్లు పైకి వంగగానే, గిలకకు చుట్టుకునే తాడులా ఈ పట్టీ బిగిసి పాదపు వంపును లేపుతుందని జె.హెచ్. హిక్స్ 1954లో వివరించాడు. చికిత్సలో ప్రధానమైన వ్యాయామానికీ ఆ బిగువే ఆధారం: మంచం దిగకముందే నొప్పి కాలిని రెండో మోకాలిపై వేసుకొని, వేళ్లను చేత్తో ముంగాలి వైపు లాగి 10 సెకన్లు పట్టి ఉంచాలి, అలా 10 సార్లు, రోజుకు మూడు విడతలు చేయాలి. పిక్కను సాగదీయడం, మడమకు మెత్తటి ఆనిక ఇచ్చే పాదరక్షలు ధరించడం దీనికి తోడ్పడతాయి.

దీర్ఘకాలిక రోగుల కణజాలంలో వాపు కన్నా క్షీణతే ఎక్కువగా కనిపిస్తుంది గనుక నొప్పి మాత్రలతో దక్కేది తాత్కాలిక ఊరటే. స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాలు ఉపశమనమిచ్చినా, పట్టీ తెగే ముప్పు ఉంటుంది. ఎక్స్‌రేలో కనిపించే ఎముక ముల్లు చాలామందిని అనవసరంగా భయపెడుతుంది గాని, నొప్పి లేనివారిలోనూ అది ఉంటుంది.

రోజంతా నిలబడి పనిచేసే ఉపాధ్యాయులు, నర్సులు, గట్టి గచ్చుపై వట్టికాళ్లతో తిరిగేవారు కూడా దీని బారిన పడవచ్చు. అధిక సంఖ్యాకులకు శస్త్రచికిత్స లేకుండానే ఏడాదిలోపు తగ్గుతుంది. తిమ్మిరి, జ్వరం, విశ్రాంతిలోనూ తగ్గని నొప్పి ఉంటే కారణం వేరే కావచ్చు గనుక వైద్యుణ్ని సంప్రదించాలి.